పాత జాన్సన్ 55కి ఛార్జింగ్ ఎక్కడం లేదా? ఫ్లైవీల్ విప్పే ముందు టాకోమీటర్ ముల్లు చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. 1979 జాన్సన్ 55 హార్స్‌పవర్, పడవ వెనక తగిలించే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటార్. మిషిగన్‌లో పక్కింటి పెద్దాయన దగ్గర పడవతో సహా కొన్నారు. పొద్దున సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది, రోజంతా చక్కగా తిరుగుతుంది, సాయంత్రం ఒడ్డుకి వద్దామని తాళం తిప్పితే టక్ మని ఊరుకుంటుంది. కొత్త ఏజీఎం బ్యాటరీ (నీళ్ళు పోసే వీల్లేకుండా మూసేసిన రకం) వేశారు, అయినా అదే కథ. మోటార్ ఐడిల్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.3 వోల్టులు. టాకోమీటర్ (మోటార్ వేగం చూపించే మీటర్) ముల్లు ఒక్కోసారి వణుకుతుంది, ఒక్కోసారి సున్నా మీదే పడుకుంటుంది. ఎవరో స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిల్స్) పోయిందన్నారు, ఇంకెవరో ఛార్జ్ కాయిల్ అన్నారు, మీరు ఆ ఛార్జ్ కాయిల్‌కి ఆర్డర్ పెట్టి, వారాంతంలో ఫ్లైవీల్ (ఆ కాయిల్స్ మీద తిరిగే బరువైన చక్రం) విప్పడానికి రెడీ అవుతున్నారు.

ఆగండి. పానా కింద పెట్టండి.

నేను విస్కాన్సిన్‌లో ఉంటాను, ఈ పాత జాన్సన్‌లు, ఎవిన్‌రూడ్‌లు నాకు ఇరవై ఏళ్ళ పిచ్చి. (రెండూ ఒకే కంపెనీ మోటార్లే, మూత మీద స్టిక్కర్ వేరు, లోపల సరుకు ఒకటే, కాబట్టి ఎవిన్‌రూడ్ వాళ్ళకి చెప్పిన సలహా మీకూ పనికొస్తుంది.) నా మొదటి మోటార్‌కి సరిగ్గా మీలాగే అయింది. ఒక షాపులో స్టేటర్ పోయిందని చెప్పారు, నేను నమ్మి కొన్నాను, రెండు శని ఆదివారాలు ఫ్లైవీల్‌తో కుస్తీ పట్టి మార్చాను, ఛార్జింగ్ మాత్రం ఎక్కలేదు. చివరికి చూస్తే రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే ముక్క) బోల్టు కింద తుప్పు. ఉప్పు కాగితం పెట్టి పది నిమిషాలు గీరితే పోయేదానికి అంత పని చేశాను. అందుకే ఎవరైనా ముందే ఫ్లైవీల్ అనగానే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ ఛార్జ్ కాయిల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ పేరు చూసి మోసపోయిన వాళ్ళు లెక్కలేనంత మంది. ఈ మోటార్లలో ఛార్జ్ కాయిల్ అంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది కాదు. ఫ్లైవీల్ కిందే ఉంటుంది, దాని వైర్లు గోధుమ రంగులో ఉంటాయి, అది పవర్ ప్యాక్‌లో ఉన్న కెపాసిటర్‌ని ఛార్జ్ చేస్తుంది, దాంతో స్పార్క్ వస్తుంది. అంతే దాని పని. బ్యాటరీకి కరెంటు పంపే కాయిల్స్ వేరు, వాటి వైర్లు పసుపు. మీ మోటార్ రోజంతా చక్కగా తిరుగుతోందంటే ఛార్జ్ కాయిల్ దివ్యంగా ఉన్నట్టు. ఇంకో మాట, ఈ మోటార్‌లో స్పార్క్‌కి బ్యాటరీతో సంబంధమే లేదు. తాడు లాగి స్టార్ట్ చేస్తే బ్యాటరీ డౌన్ అయి ఉన్నా తిరుగుతుంది. ఉప్పాడ ఒడ్డున ఫైబర్ బోటు వాళ్ళు తాడు లాగి మోటార్ స్టార్ట్ చేసుకుని సముద్రంలోకి పోతారు చూడండి, బ్యాటరీయే లేకపోతే ఈ గోలే లేదు. కాబట్టి "మోటార్ బాగానే తిరుగుతోంది కదా, ఛార్జింగ్ కూడా బాగుండాలి" అని కారులాగా అనుకోవద్దు. రెండూ ఒక ఫ్లైవీల్ కింద కాపురముంటాయి గానీ వంటలు వేరు.

ఇక బ్యాటరీ వైపు కరెంటు ఎలా నడుస్తుందో ఒక్క ముక్కలో. ఫ్లైవీల్ అంచుకి లోపలి వైపు అయస్కాంతాలు ఉంటాయి. అవి స్టేటర్ కాయిల్స్ చుట్టూ తిరిగితే ఏసీ పుడుతుంది. అది రెండు వైర్లలో బయటికి వస్తుంది, ఒకటి పసుపు, ఇంకోటి పసుపు మీద బూడిద గీత. (ఆ కాలపు కొన్ని మోటార్లలో పసుపు మీద నీలం గీతతో మూడోది కూడా ఉంటుంది, కనిపిస్తే కంగారు పడకండి.) ఆ వైర్లు పవర్‌హెడ్ (అంటే ఇంజను) పక్కన మరలు ఉన్న టెర్మినల్ బోర్డు మీదకి, అక్కడి నుంచి రెక్టిఫయర్‌కి వెళతాయి. రెక్టిఫయర్ అంటే అగ్గిపెట్టెంత ముక్క, లోపల నాలుగు డయోడ్లు, ఏసీని డీసీ చేస్తుంది. దాని ఎర్ర వైరు సోలినాయిడ్‌కి (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) బ్యాటరీ ప్లస్ వచ్చే బోల్టు దగ్గరికి చేరుతుంది, అక్కడి నుంచి లావు కేబుల్ మీద బ్యాటరీకి. రెక్టిఫయర్ ఎర్త్ మాత్రం వైరు ద్వారా కాదు, దాన్ని బిగించిన బోల్టు ద్వారానే. ఇదీ దారి మొత్తం. దీంట్లో రెగ్యులేటర్ లేదు, గమనించండి. ఆ విషయానికి మీ ఏజీఎం బ్యాటరీ దగ్గర మళ్ళీ వస్తాను.

టాకోమీటర్‌కి వచ్చే బూడిద వైరు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? ఈ స్టేటర్ వైరు నుంచే. అంటే ముల్లు కదిలేది స్టేటర్ పుట్టించే ఏసీ అలలను లెక్కపెట్టి. అందుకే ఛార్జింగ్ గురించి నిజం చెప్పే సాక్షి మీ డాష్‌బోర్డు మీదే, పైసా ఖర్చు లేకుండా కూర్చుని ఉంది. ముల్లు చక్కగా మోటార్ వేగంతో పాటు లేస్తూ దిగుతూ ఉండి, అయినా బ్యాటరీ దిగిపోతోందంటే స్టేటర్‌ని తిట్టకండి. తప్పు చాలావరకు రెక్టిఫయర్ తర్వాత దారిలో ఉంటుంది, లేదా మీరు వాడే కరెంటే ఎక్కువ. ముల్లు చచ్చిపడి ఉంటే తప్పు రెక్టిఫయర్‌లోనో స్టేటర్‌లోనో, లేదా వాటి మధ్య వైరులోనో. చాలాసార్లు రెక్టిఫయరే. దాంట్లో డయోడ్ షార్ట్ అయితే ఆ ఏసీ అలల్ని అదే మింగేస్తుంది, ముల్లుకి ఏమీ అందదు. మీలాగా వణికి పడిపోయే ముల్లు అయితే నేను మొదట లూజ్ కాంటాక్ట్‌ని, తర్వాత చావుకి దగ్గర పడిన రెక్టిఫయర్‌ని అనుమానిస్తాను. ఒక్క జాగ్రత్త: టాకోమీటర్‌కి దాని సొంత 12 వోల్టులు కూడా కావాలి, తాళం తిప్పితే ఊదా రంగు వైరు మీద వస్తాయి. అక్కడ కరెంటు, నల్ల వైరు మీద ఎర్త్ ఉన్నాయో లేదో చూడకుండా ముల్లుని నమ్మొద్దు. వెనక ఉండే పోల్స్ సెట్టింగ్ తప్పుగా ఉంటే ఆర్‌పీఎం తప్పు చూపిస్తుందే తప్ప ముల్లు చావదు.

సరే, ఇప్పుడు మీటర్ తీయండి. బ్యాటరీతో మొదలుపెట్టండి, విసుగనిపించినా సరే. బయట ఛార్జర్‌తో రాత్రంతా ఛార్జ్ చేసి, తీసేసి రెండు మూడు గంటలు వదిలి కొలవండి. 12.6 లేదా కాస్త పైన ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టే. తర్వాత ఆటో పార్ట్స్ షాపులో లోడ్ టెస్ట్ చేయించండి, చాలా చోట్ల ఉచితంగా చేస్తారు. కొత్త బ్యాటరీ అయినా సరే, ఎందుకంటే వారాల తరబడి సగం ఛార్జ్‌తో నలిగిన కొత్త బ్యాటరీ పాతదాని కింద లెక్క. తర్వాత కేబుళ్ళు. బ్యాటరీ మీద రెక్కల నట్లు ఉంటే ఇవాళే పీకేసి మామూలు షట్కోణపు నట్లు వేసి పానాతో బిగించండి. అలల కుదుపుకి ఆ రెక్కల నట్లు వదులవుతాయి, ఆ లూజ్ కాంటాక్ట్ ఒక్కటే రెక్టిఫయర్‌ని చంపగలదు, ఎలాగో కింద చెబుతాను. కేబుల్ చివర ప్లాస్టిక్ కొంచెం వెనక్కి లాగి చూడండి, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ కేబుల్ బయటికి ఎంత బాగున్నా లోపల పోయినట్టే. మోటార్‌కీ రిమోట్ బాక్స్‌కీ మధ్య వైర్లన్నీ కలిసే పెద్ద ఎర్ర రబ్బరు ప్లగ్గు ఉంటుంది కదా, దాన్ని విడదీసి పిన్నులు చూడండి. నలభై ఏళ్ళ తేమ అక్కడే దాక్కుంటుంది. మీ ముల్లు వణుకుడు అక్కడిదే అయినా ఆశ్చర్యం లేదు, ఆ బూడిద వైరు దాంట్లోంచే డాష్‌బోర్డుకి పోతుంది.

మీరు ఐడిల్‌లో కొలిచిన 12.3 గురించి: ఆ అంకెతో ఏమీ తేలదు. ఈ మోటార్లు ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వవు. మీ మోటార్ మొత్తం ఔట్‌పుట్టే పది ఆంపియర్లకు లోపు, అదీ వేగంగా తిప్పినప్పుడు. కారు ఆల్టర్నేటర్ ఐడిల్‌లోనే ముప్పై నలభై ఆంపియర్లు ఇచ్చేస్తుంది కాబట్టి మనకి ఆ అలవాటు. పడవ నీళ్ళలో వేసి, గేరులో పెట్టి, రెండు మూడు వేల ఆర్‌పీఎం దగ్గర కొలవండి (ముల్లు చచ్చి ఉంటే చెవితో అంచనా వేయండి, తప్పదు). మోటార్ ఆపి ఉన్నప్పటి కంటే అర వోల్టు, ఒక వోల్టు పెరిగి, పెరుగుతూనే పోతే ఛార్జింగ్ ఎక్కుతోందన్నమాట. పడవని నీళ్ళలోకి తీసుకెళ్ళే వీలు లేకపోతే ఇంటి ముందు నీళ్ళ గొట్టానికి రబ్బరు మఫ్‌లు (మోటార్ నీళ్ళు పీల్చే రంధ్రాల మీద పట్టే కప్పులు) తగిలించి నీళ్ళు పెట్టి తిప్పొచ్చు, కానీ లోడ్ లేకుండా పదిహేను వందలు దాటించొద్దు, చేయి జారితే పవర్‌హెడ్ పోతుంది. నీళ్ళు లేకుండా అయితే అర నిమిషం కూడా తిప్పొద్దు, నీళ్ళ పంపులో ఉన్న రబ్బరు ఇంపెల్లర్ మాడిపోతుంది.

చౌక డిజిటల్ మీటర్లు మోటార్ తిరుగుతున్నప్పుడు పిచ్చి అంకెలు చూపిస్తాయి, స్పార్క్ ప్లగ్గుల గోలకి. 12.3, 17.8, 4.1 అని గెంతుతుంటే మోటార్‌ని కాదు, మీటర్‌ని అనుమానించండి. బ్యాటరీ దగ్గరే, ప్లగ్గు వైర్లకి దూరంగా కొలవండి. నా దగ్గర పాత ముల్లు మీటర్ ఒకటుంది, ఇరవై డాలర్లది, ఈ పనికి అదే రాజు.

ఇప్పుడు అసలు ముద్దాయి రెక్టిఫయర్. మోటార్ ఆపి, బ్యాటరీ కేబుళ్ళు రెండూ తీసేసి, టెర్మినల్ బోర్డు మీద రెక్టిఫయర్ వైర్లన్నీ విప్పండి. విప్పేముందు ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోండి, గుర్తుంటుందిలే అనుకున్న వాళ్ళందరూ నాకు మెసేజ్ పెట్టిన వాళ్ళే. మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఓమ్స్ మీద డిజిటల్ మీటర్ డయోడ్ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. మీటర్ ఎర్ర పుల్ల రెక్టిఫయర్ పసుపు వైరుకి, నల్ల పుల్ల రెక్టిఫయర్ ఎర్ర వైరుకి తాకిస్తే 0.4 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకె రావాలి. పుల్లలు తారుమారు చేస్తే ఓఎల్ అని రావాలి, అంటే దారి మూసుకుంది. అదే పసుపు-బూడిద వైరుతో మళ్ళీ. సగం పని అయింది. మిగతా సగానికి ఎర్ర పుల్ల రెక్టిఫయర్ ఒంటికి, నల్ల పుల్ల పసుపుకి: మళ్ళీ అర వోల్టు చుట్టూ అంకె, తారుమారు చేస్తే ఓఎల్. పసుపు-బూడిదకీ అంతే. రెండు వైపులా ఓఎల్ వస్తే ఆ డయోడ్ తెగిపోయింది, రెండు వైపులా సున్నాకి దగ్గరగా వస్తే షార్ట్. నాలుగింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా రెక్టిఫయర్ మొత్తం మార్చాల్సిందే, లోపల బాగు చేసేదేమీ లేదు. ఈ మోటార్లు చేసిన కంపెనీ ఓఎంసీ (అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్) 2000 డిసెంబర్‌లో దివాలా తీసింది, ఆ తర్వాత బాంబార్డియర్ చేతికి వెళ్ళింది, ఎవిన్‌రూడ్ తయారీ కూడా 2020లో ఆపేశారు, అయినా ఈ రెక్టిఫయర్‌లు వేరే కంపెనీలవి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి, అదొక అదృష్టం.

ఒక డయోడ్ తెగితే ఛార్జింగ్ సగం వస్తుంది, ముల్లు కూడా తిరుగుతుంది, కానీ బ్యాటరీ మెల్లగా దిగుతుంది. ఇది కనిపెట్టడం కష్టం, ముల్లుని మాత్రమే నమ్ముకున్నా దొరకదు, అందుకే పరీక్ష చేయమంటున్నాను. ఒక డయోడ్ షార్ట్ అయితే ఇంకా పాపం. మోటార్ తిరిగినంతసేపూ స్టేటర్ కరెంటు ఆ షార్ట్‌లోనే చుట్టూ తిరిగి స్టేటర్ వేడెక్కి మాడుతుంది. అంటే ముప్పై నలభై డాలర్ల ముక్కని పట్టించుకోకపోతే రెండు మూడు వందల డాలర్ల ముక్క పోతుంది. బ్యాటరీ వైపుది ఒకటి, ఎర్త్ వైపుది ఒకటి రెండూ షార్ట్ అయితే మోటార్ ఆపి ఇంట్లో పడుకున్నా బ్యాటరీ దాంట్లోంచి కారిపోతూ ఉంటుంది. రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ అయ్యే వాళ్ళు రెక్టిఫయర్ మీద చేయి పెట్టి చూడండి, తాళం తీసి ఉన్నా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇవి ఎందుకు పోతాయంటే, నేను చూసినంతలో ముఖ్యంగా రెండు కారణాలు. మొదటిది బ్యాటరీ తిరగేసి కట్టడం. ప్లస్ మైనస్ మారితే నాలుగు డయోడ్లూ తలుపులు బార్లా తెరిచినట్టే, బ్యాటరీ కరెంటంతా ఎర్త్ నుంచి నేరుగా వాటిలోంచి పారుతుంది. టప్ మనే లోపే అయిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో టార్చి లేకుండా కట్టి నేనూ ఒకటి కాల్చాను, ఇందులో నాకేం గొప్ప లేదు. రెండోది మోటార్ తిరుగుతుండగా బ్యాటరీ విడిపోవడం. రెగ్యులేటర్ లేని ఈ మోటార్లలో వోల్టేజిని అదుపులో పెట్టేది బ్యాటరీయే, స్పంజిలాగా పీల్చుకుంటుంది. తిరుగుతున్న మోటార్‌కి అది పోయిందంటే వోల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది, రెక్టిఫయర్ పోతుంది, వెంట టాకోమీటర్‌ని కూడా తీసుకుపోవచ్చు. రెక్కల నట్లు వద్దన్నది ఇందుకే. మీ పడవలో ఒకటి-రెండు-రెండూ-ఆఫ్ అని తిప్పే బ్యాటరీ స్విచ్ ఉంటే మోటార్ తిరుగుతుండగా ఆఫ్ దాటించొద్దు, పిల్లలకి అందకుండా చూడండి. "బ్యాటరీ తీసేసి చూడు, మోటార్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టు" అని పాత కార్ల మెకానిక్‌లు చెప్పే చిట్కా ఒకటుంది, ఇక్కడ చేశారో, ఇక అంతే.

కొత్త రెక్టిఫయర్ బిగించేటప్పుడు కింద రంగు, తుప్పు గీరి మెరిసే లోహం మీద బిగించండి. నా కథ మొదట చెప్పాను కదా. బోల్టు ఎంత గట్టిగా బిగించినా కింద పొర ఉంటే ఎర్త్ లేదు, ఎర్త్ లేకపోతే ఛార్జింగ్ లేదు.

రెక్టిఫయర్ బాగుందని తేలితే అప్పుడు స్టేటర్ వంతు. దీనికీ ఫ్లైవీల్ తీయక్కర్లేదు. టెర్మినల్ బోర్డు దగ్గర స్టేటర్ వైపు పసుపు, పసుపు-బూడిద వైర్లు విప్పి వాటి మధ్య ఓమ్స్ కొలవండి. ఒక ఓమ్ చుట్టుపక్కలే వస్తుంది, ముందు మీటర్ పుల్లలు ఒకదానికొకటి తాకించి వచ్చే అంకెను తీసేయడం మర్చిపోవద్దు. కచ్చితమైన అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత ఒక్కో వైరు నుంచి ఇంజను ఒంటికి కొలవండి, ఓఎల్ రావాలి. ఏ అంకె వచ్చినా స్టేటర్ ఎర్త్ అయిపోతోందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఎర్త్ అయ్యే స్టేటర్లు కూడా ఉంటాయి కాబట్టి గంట తిప్పి వేడి మీద ఇంకోసారి చూడండి. ఆఖరున ఆ రెండు వైర్లూ విడిగా, దేనికీ తాకకుండా టేపు చుట్టి, మోటార్ స్టార్ట్ చేసి వాటి మధ్య ఏసీ వోల్టులు కొలవండి. నేను చూసిన మంచి స్టేటర్లలో కాస్త వేగం పెంచగానే ఇరవై చుట్టూ వచ్చి, ఇంకా పెంచితే ఇంకా పెరుగుతుంది. మీకు అలా పెరుగుతుంటే స్టేటర్‌కి దండం పెట్టి వదిలేయండి. అసలేమీ లేకపోతేనో, ఎంత తిప్పినా నాలుగైదు దగ్గరే ఆగిపోతేనో పోయింది. ఫ్లైవీల్ అంచు కింద టార్చి వేసి చూస్తే ఒక్కోసారి స్టేటర్ మీది నల్లటి పూత కరిగి తారులాగా కారిన మరకలు కనిపిస్తాయి, అలా కనిపిస్తే ఇక మీటర్ కూడా అక్కర్లేదు.

ఈ కొలతల సమయంలో మూత తీసిన ఫ్లైవీల్ మీ ముఖానికి జానెడు దూరంలో నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటుంది. లుంగీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, ఏదీ వద్దు. పవర్ ప్యాక్ వైర్ల జోలికి అసలే వెళ్ళొద్దు, వాటిలో వందల వోల్టులు ఉంటాయి, మామూలు మీటర్ కూడా పాడవుతుంది. ఇంకొకటి, నల్ల వైరు మీద పసుపు గీత ఉన్నది మోటార్ ఆపే వైరు, అది పవర్ ప్యాక్‌లోకి వెళుతుంది. దానికి పొరపాటున కూడా 12 వోల్టులు తగలనివ్వొద్దు, తగిలిందా పవర్ ప్యాక్ అక్కడికక్కడే పోతుంది. పాత యజమాని ఎప్పుడైనా తాళం స్విచ్ మార్చి కారుది పెట్టారేమో కూడా చూడండి, ఆ పని చేసి పవర్ ప్యాక్‌లు కాల్చుకున్న వాళ్ళని చాలామందిని చూశాను.

అన్నీ బాగున్నాయి, అయినా ఎక్కడం లేదంటే దారి చూడాలి. మోటార్ వేగంగా తిరుగుతుండగా మీటర్ ఒక పుల్ల రెక్టిఫయర్ ఎర్ర వైరు చివర, రెండోది బ్యాటరీ ప్లస్ బోల్టు మీద పెట్టండి. 0.1 వోల్టో 0.2 వోల్టో వస్తే పర్వాలేదు. అర వోల్టు దాటిందా, ఆ మధ్యలో ఎక్కడో చిలుమో, లూజ్ నట్టో, కరిగిన ఫ్యూజు పట్టీనో ఉంది. ఇంజను ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే కొలవండి. చిన్న పరీక్ష, కానీ చాలామంది చేయరు.

ఇక వాడకం. మీరు ఫిష్ ఫైండర్, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే తొట్టి) పంపు, పాటల బాక్సు అన్నీ ఒకే బ్యాటరీ మీద అని రాశారు. లైవ్‌వెల్ పంపే మూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. మీరేమో వాల్‌ఐ చేపల కోసం ఐదారు గంటలు ఐడిల్ మీద నెమ్మదిగా లాగుతూ తిరుగుతారు, అంటే ఆదాయం ఒక రూపాయి, ఖర్చు నాలుగు. మోటార్ కొత్తదై ఉన్నా సాయంత్రానికి సెల్ఫ్ టక్ మంటుంది. మీరు రాయలేదు గానీ, పడవ ముందు భాగాన ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటార్ కూడా ఇదే బ్యాటరీకి కట్టి ఉంటే అసలు ఇంత రాయక్కర్లేకపోయేది, అది ఫుల్ మీద నలభై యాభై ఆంపియర్లు తాగుతుంది. సెల్ఫ్‌కి ఒక బ్యాటరీ, మిగతా అన్నింటికీ డీప్ సైకిల్ బ్యాటరీ (గంటల తరబడి మెల్లగా వాడుకునే రకం) ఒకటి విడిగా పెట్టుకుని, దాన్ని ఇంటికొచ్చాక ఛార్జర్ మీద వేయండి.

ఆ ఏజీఎం బ్యాటరీని కూడా పడవలోంచి తీసేయండి. రెగ్యులేటర్ లేదని చెప్పాను కదా, బ్యాటరీ నిండాక కూడా ఫుల్ స్పీడు మీద పోతే వోల్టేజి పదిహేను, ఆ పైకి కూడా పోతుంది. మూతలున్న పాతరకం నీళ్ళ బ్యాటరీ అయితే కాస్త పొంగి ఊరుకుంటుంది, నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటే చాలు. మూసేసిన ఏజీఎంకి అలా తిరిగి నీళ్ళు పోసే దారి లేదు, లోపలే ఎండి పాడవుతుంది. లిథియం సంగతి ఇంకా అధ్వానం, పెట్టనే వద్దు. కొంతమంది ఈ మోటార్లకి బయటి రెగ్యులేటర్-రెక్టిఫయర్ కలిపిన ముక్క బిగిస్తారు, పని చేస్తుంది, కానీ ఉన్న తప్పు దొరక్కముందే కొత్తది తగిలిస్తే రెండు తప్పుల మధ్య మీరు ఇరుక్కుంటారు.

నిజంగా స్టేటరే పోయిందని తేలి ఫ్లైవీల్ తీయాల్సి వస్తే, ఫ్లైవీల్ మధ్యలో మూడు మర రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి బోల్టులు దిగే పుల్లరే వాడండి. అంచు పట్టి లాగే గోళ్ళ పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది, సుత్తితో క్రాంక్ మీద కొడితే బేరింగులు దెబ్బ తింటాయి. తీశాక లోపలి అయస్కాంతాలు వేలితో నెట్టి చూడండి, ఒక్కటి కదిలినా ఆ ఫ్లైవీల్ మళ్ళీ పెట్టొద్దు. తిరిగి పెట్టేటప్పుడు క్రాంక్ కోన్ మీద నూనె, గ్రీజు చుక్క లేకుండా తుడిచి, కీ సరిగ్గా కూర్చుందో చూసి, టార్క్ రెంచ్‌తో బిగించండి. ఈ సైజు మోటార్లకి వంద ఫుట్-పౌండ్ల చుట్టూ ఉంటుంది, మీ మాన్యువల్‌లో చూసి కచ్చితంగా అంతే పెట్టండి. వదులుగా ఉంటే కీ తెగి క్రాంక్ పాడవుతుంది.

స్పేర్ పార్టులు కొనేటప్పుడు మోడల్ నంబరు అడుగుతారు, అది ట్రాన్సమ్‌కి (పడవ వెనక గోడ) పట్టే బ్రాకెట్ మీద రేకుపై ఉంటుంది. మీది 1979 కాబట్టి చివరి రెండంకెలు 79 ఉండాలి. 1980 నుంచి అంకెలు మానేసి "ఇంట్రడ్యూసెస్" అనే ఇంగ్లీషు మాటలో పది అక్షరాలకి ఒకటి నుంచి తొమ్మిది, చివర సున్నా అని లెక్క పెట్టారు, సరదా మనుషులు. రేకు పోయి ఉంటే ఇంజను బ్లాక్ మీద గుండ్రటి ప్లగ్గు మీద కూడా కొట్టి ఉంటుంది, చూడండి. పక్కింటి పెద్దాయన చెప్పిన సంవత్సరాన్ని మాత్రం నమ్మొద్దు, పడవ సంవత్సరం, మోటార్ సంవత్సరం ఒకటే కావాలని లేదు.

శనివారం బ్యాటరీ, ఎర్ర ప్లగ్గు, రెక్టిఫయర్ నాలుగు డయోడ్లు, ఈ మూడూ చూసి ఏ అంకెలు వచ్చాయో రాయండి, రెండు పుల్లల వైపులా ఉన్నవి కూడా. గంట పని. ఆ ఛార్జ్ కాయిల్ ఆర్డర్ ఇంకా బయల్దేరకపోతే ఈ రాత్రికే క్యాన్సిల్ చేయండి.